చిన్న దీవి పోలీసులకు బాడీ కెమెరాలు: నిధులు సమకూర్చుకోవడం, ఖర్చు పెట్టడం, ఐదేళ్లు నిలబెట్టడం

నాలుగైదు వేల మంది ఉండే దీవిలో పోలీసు ఎవరికీ కొత్త మనిషి కాడు. అరెస్టు చేసినవాడు, అరెస్టయినవాడు, ఫిర్యాదు రాసుకున్నవాడు ఏదో ఒక వరసన చుట్టాలే అవుతారు. అలాంటి చోట యూనిఫాం మీదకు కెమెరా రాగానే జనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ వీడియో ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి ముందుగా జవాబు సిద్ధం చేసుకోకుండా నిధుల కోసం తిరిగితే కెమెరాలు వస్తాయి గానీ నమ్మకం రాదు. ఈ మార్గదర్శిలో ప్రతి లెక్కా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దీవి పోలీసు విభాగాలు, స్థానిక పాలక మండళ్లు, వాటితో కలిసి దరఖాస్తు రాసే సంఘాల కోసం దీన్ని రాస్తున్నాం.

కెమెరా ఉంటే చాలు, పోలీసుల తీరు మారిపోతుందన్నది నిజం కాదు. కాలిఫోర్నియాలోని రియాల్టో పట్టణంలో 2012–13లో చేసిన ప్రయోగంలో పోలీసుల మీద ఫిర్యాదులు దాదాపు 88 శాతం తగ్గాయి. దాతలకు పంపే దరఖాస్తుల్లో ఎక్కువగా కనిపించే అంకె ఇదే. అయితే వాషింగ్టన్ నగరంలో రెండు వేల మందికి పైగా పోలీసులతో చేసి 2017లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. ఎందుకిలా అన్నదానికి 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, ర్యాండ్ యూరప్ పరిశోధన సంస్థ పరిశోధకులు పలు చోట్ల చేసిన ప్రయోగాలు కొంత జవాబిచ్చాయి. ఘటన మొదటి నుంచీ కెమెరా నడిపి, రికార్డవుతోందని ఎదుటివారికి చెప్పిన చోట బలప్రయోగం 37 శాతం తగ్గింది. ఎప్పుడు నొక్కాలో పోలీసు ఇష్టానికి వదిలేసిన చోట అది పెరిగింది. అంటే ఫలితాన్ని తేల్చేవి నిబంధన, దాని అమలు. ఆ రెండింటికీ డబ్బు కావాలి. చాలా బడ్జెట్లలో వాటికి ఒక్క పద్దు కూడా కనిపించదు.

1. మీ అంకెలు ముందు రాసుకోండి

గత మూడేళ్ల ఫిర్యాదులు, బలప్రయోగం నమోదైన ఘటనలు, పోలీసుల మీద దాడులు, సాక్ష్యం చాలక కోర్టులో వీగిపోయిన కేసులు ఒక పట్టికగా రాయండి. ఫిర్యాదు అందిన రోజు నుంచి జవాబు ఇచ్చిన రోజు దాకా ఎంత కాలం పట్టిందో పక్కనే రాయండి.

ఇక్కడ చిన్న దీవికి ఒక చిక్కుంది. ఏడాదికి ఆరు ఫిర్యాదులు వచ్చే చోట మరుసటి ఏడాది మూడే వస్తే కాగితం మీద 50 శాతం తగ్గినట్టు. నిజానికి ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. పైగా ఫిర్యాదు చేస్తే వింటారన్న నమ్మకం కలిగిన మొదటి ఏడాది ఫిర్యాదులు పెరగవచ్చు, అది మంచి సూచనే. అందుకే ‘ఫిర్యాదులు ఇంత శాతం తగ్గిస్తాం’ అని దాతకు మాట ఇవ్వకండి. మీ చేతిలో ఉన్నవాటికే మాట ఇవ్వండి: రికార్డు చేయాల్సిన ఘటనల్లో ఎన్నిటికి వీడియో ఉంది, వీడియో చూపమని అడిగినవారికి ఎన్ని రోజుల్లో జవాబిచ్చారు, నెలనెలా తనిఖీ జరిగిందా లేదా. ఇవి చిన్న అంకెలతో కూడా నమ్మకంగా కొలవగలిగినవి.

2. నిబంధనలు రాయడం కొనుగోలు కంటే ముందు

పోలీసులు ముసాయిదా రాసి చివర్లో ఊరికి చదివి వినిపిస్తే అది సంప్రదింపు అనిపించుకోదు. ఖాళీ కాగితం మీద ఏడెనిమిది ప్రశ్నలు రాసి, ఊరి పెద్దలతో, మహిళా సంఘాలతో, యువకులతో, గతంలో ఫిర్యాదు చేసినవారితో విడివిడిగా కూర్చోండి. విడివిడిగా ఎందుకంటే, అధికారి ముందు కూర్చున్న బాధితురాలు నోరు విప్పదు. ఈ సమావేశాలకయ్యే పడవ చార్జీలు, అనువాదకుడి రుసుము, భోజన ఖర్చు కూడా దరఖాస్తులో చూపించదగినవే.

నిబంధనల్లో తేలాల్సినవి ఇవి. పిలుపు అందుకుని వెళ్లినప్పుడు, ఎవరినైనా ఆపినప్పుడు, సోదాలో, అరెస్టులో రికార్డింగ్ తప్పనిసరి. ఆపరేషన్ మధ్యలో ఆపాల్సి వస్తే కారణం నోటితో చెప్పి ఆపాలి. ఆసుపత్రి, ప్రార్థనా స్థలం, లైంగిక దాడి బాధితుల వాంగ్మూలం, సమాచారం ఇచ్చేవారితో మాటలు: వీటికి వేరే నియమం ఉండాలి. బలప్రయోగం జరిగిన కేసులో పోలీసు ముందు నివేదిక రాయాలా, వీడియో చూశాక రాయాలా అన్నది ముందే తేల్చండి. ముందు నివేదిక, తర్వాత వీడియో, ఆపై కావాలంటే అనుబంధ నివేదిక అన్న క్రమాన్నే మేం సిఫారసు చేస్తాం. వీడియోకు తగ్గట్టు కథ అల్లారన్న అనుమానానికి అప్పుడు తావుండదు.

దీవికి ప్రత్యేకంగా రెండు నియమాలు చేర్చాలి. ఒకటి, బంధుత్వం. వీడియోలో ఉన్న వ్యక్తికి దగ్గరి బంధువైన ఉద్యోగి ఆ ఫైలు తెరవకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో తెరిచారో చెరపలేని లాగ్‌లో పడాలి. రెండు, ముఖం మసకబరచడం ఇక్కడ చాలదు. గొంతు, నడక, వెనక కనిపించే పడవ రంగు చూసి మనిషిని గుర్తుపట్టేస్తారు. కాబట్టి ఫుటేజీని బయటకు విడుదల చేయడం కంటే, సంబంధిత వ్యక్తిని, అతని కుటుంబాన్ని లేదా వకీలును పిలిచి గదిలో చూపించే పద్ధతి సురక్షితం. ఆ గదికి, అందులో కూర్చునే స్వతంత్ర పరిశీలకుడికి బడ్జెట్‌లో చోటివ్వండి. పరిశీలకుడు వేరే దీవి నుంచి వస్తే మరీ మంచిది. మూడు నెలలకోసారి రెండు రోజులు వచ్చి వెళ్లినా సరిపోతుంది. ఈ పథకం మొత్తంలో నమ్మకాన్ని నేరుగా తెచ్చిపెట్టే ఖర్చు ఇదే, మిగతా వాటితో పోలిస్తే చవక కూడా.

3. కెమెరాలు, స్టోరేజీ, లైను: అసలు లెక్క

ఉదాహరణకు 24 మంది సిబ్బంది ఉన్న విభాగాన్ని తీసుకుందాం. వారానికి ఐదు రోజుల డ్యూటీ అనుకుంటే రోజుకు సగటున 17 మంది పనిలో ఉంటారు.

కెమెరాలు మనిషికొకటి ఇవ్వండి. షిఫ్టుల మధ్య పంచుకుంటే డబ్బు మిగులుతుంది కానీ, దింపిన కెమెరా చార్జింగ్‌కూ ఫుటేజీ దించుకోవడానికీ కొన్ని గంటలు పడుతుంది. తర్వాతి షిఫ్టువాడు సగం చార్జింగ్‌తో బయలుదేరతాడు, ఆ వీడియో ఎవరిదన్న గందరగోళం కోర్టు దాకా వెళుతుంది. దానికి తోడు 20 శాతం అదనం, అంటే 5. మొత్తం 29. పెద్ద నగరంలో 10 శాతం అదనం చాలు. దీవిలో రిపేరుకు పంపిన కెమెరా తిరిగి రావడానికి ఓడ రోజుల్ని కూడా లెక్కపెట్టాలి.

ఇక ఫుటేజీ. సెకనుకు 4 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే గంటకు 1.8 గిగాబైట్లు, 8 మెగాబిట్లయితే 3.6. మనిషికి రోజుకు రెండు గంటల రికార్డింగ్ చొప్పున 17 మందికి 34 గంటలు, తక్కువ నాణ్యతలో 61 గిగాబైట్లు. ఏడాదికి 22 టెరాబైట్లు. అన్నిటినీ మూడేళ్లు దాస్తే 67 టెరాబైట్లు.

కానీ అన్నిటినీ దాచనక్కర్లేదు, దాచకూడదు కూడా. బ్రిటన్ పోలీసు విధానంలో సాక్ష్యంగా పనికిరాని ఫుటేజీని సాధారణంగా 31 రోజుల్లో తొలగిస్తారు. అదే పద్ధతి పాటించి, నూటికి 15 వీడియోలు మాత్రమే సాక్ష్యంగా మూడేళ్లు ఉంచితే అంతా కలిపి 12 టెరాబైట్ల లోపే ఉంటుంది. తొలగింపు నియమం పౌరుల గోప్యతను కాపాడుతుంది, ఖర్చునూ ఐదో వంతుకు దించుతుంది. అయితే ఫిర్యాదు గడువు 31 రోజుల కంటే ఎక్కువ ఉన్న చోట ఆ గడువు దాకా ఉంచాల్సిందే. లేకపోతే ఫిర్యాదు వచ్చే నాటికి వీడియో ఉండదు, ఊరు దాన్ని కుట్ర అనుకుంటుంది.

చాలా దీవుల్లో అసలు ఇరుకు ఇంటర్నెట్ లైనే. అప్‌లోడ్ వేగం 10 మెగాబిట్లు ఉన్న లైనులో 61 గిగాబైట్లు పైకి ఎక్కడానికి, ఇంకెవరూ వాడకపోయినా, పదమూడున్నర గంటలు పడుతుంది. 5 మెగాబిట్లయితే 27 గంటలు, అంటే రోజు గడిచేలోగా ఆ రోజు ఫుటేజీ ఎక్కదు. సాక్ష్యంగా గుర్తించిన 9 గిగాబైట్లు మాత్రమే పంపితే 10 మెగాబిట్ల లైనులో రెండు గంటల్లో పని అయిపోతుంది. కాబట్టి ‘మొత్తం క్లౌడ్‌లోనే’ అనే ప్యాకేజీ కొనేముందు మీ లైను అప్‌లోడ్ వేగాన్ని వారం రోజులు, రాత్రీ పగలూ కొలిచి రాసుకోండి. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలి సముద్రగర్భ కేబుల్ తెగినప్పుడు అంతర్జాతీయ లైను తిరిగి రావడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అలాంటి ఐదు వారాల ఫుటేజీ స్థానికంగా నిలవ ఉండగలగాలి: పై లెక్కలో సుమారు 2.1 టెరాబైట్లు.

మేం సూచించే అమరిక ఇదీ: స్టేషన్‌లో 6 టెరాబైట్ల డిస్కులు ఆరు పెట్టిన స్టోరేజీ పెట్టె, రెయిడ్ 6 పద్ధతిలో. వాడుకోవడానికి 24 టెరాబైట్లు దొరుకుతాయి, రెండు డిస్కులు ఒకేసారి పాడైనా డేటా పోదు. అలాంటిదే ఇంకొకటి, ఉప్పెన నీరు చేరని ఎత్తున వేరే భవనంలో. సాక్ష్యం వీడియోల మూడో ప్రతి దీవి బయట. ఫైలు దించుకున్న క్షణంలోనే దాని హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) నమోదు కావాలి, ఆ తర్వాత ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది.

కరెంటు గురించి క్లుప్తంగా. కెమెరాల చార్జింగ్ పెద్ద భారం కాదు, 24 బ్యాటరీలకు కలిపి పావు యూనిట్ పైన కొంచెం అంతే. రోజంతా నడిచే స్టోరేజీ పెట్టెలు, వాటి గదిని చల్లగా పొడిగా ఉంచే యంత్రమే అసలు వాడకం. యూపీఎస్, సర్జ్ రక్షణ లేకుండా జనరేటర్ కరెంటు మీద డిస్కులు నడపకండి.

4. ఐదేళ్ల బడ్జెట్

రెండు నిలువు వరుసలు గీయండి: ఒక్కసారి అయ్యేది, ఏటా అయ్యేది. దాతలు మొదటిదాన్ని ఇష్టపడతారు, పథకాలు కూలేది రెండోదాని దగ్గర.

ఒక్కసారి వరుసలో కెమెరాలు, డాకింగ్ స్టేషన్లు (కెమెరాను పెట్టి చార్జి చేసి, ఫుటేజీ దించుకునే స్టాండ్లు), క్లిప్పులు, స్టోరేజీ, వైరింగ్, వీడియో చూసే గది, కోర్టులో ప్లే చేసే తెర, ప్రారంభ శిక్షణ, రవాణా, సుంకం. సుంకం మినహాయింపు ఉత్తర్వు సరుకు బయలుదేరక ముందే తెచ్చుకోండి. ఏటా వరుసలో సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఇంటర్నెట్, కరెంటు, పరిశీలకుడి ప్రయాణం, కొత్త సిబ్బందికి శిక్షణ, బ్యాటరీల మార్పు. లిథియం బ్యాటరీ రోజూ చార్జి చేస్తే రెండు మూడేళ్లలో బలహీనపడుతుంది, మూడో ఏడాది ఈ పద్దు తప్పనిసరిగా ఉండాలి.

మనుషుల సమయాన్ని చాలామంది మరిచిపోతారు. వీడియోలకు కేసు నంబరు, వర్గం గుర్తించడానికి షిఫ్టు చివర పది నిమిషాలు. 17 మందికి రోజూ దాదాపు మూడు గంటలు. ఒక్కో పోలీసు వీడియోల్లో నెలకు ఐదింటిని యాదృచ్ఛికంగా తనిఖీ చేస్తే 120 వీడియోలు, పది నిమిషాల చొప్పున 20 గంటలు. ఒక గంట ఫుటేజీలో ఇతరుల ముఖాలు, ఇళ్ల నంబర్లు మసకబరచడానికి చాలా గంటలు పడుతుంది. వీటికి సగం రోజు పనిచేసే ఒక రికార్డుల ఉద్యోగి కావాలి, పోలీసు కాని వ్యక్తి అయితే మేలు. ఆ జీతం బడ్జెట్‌లో లేకపోతే తనిఖీ ఆగుతుంది, తనిఖీ ఆగిన కొన్ని నెలలకే స్విచ్ నొక్కడం మానేస్తారు.

ధరలు విదేశీ కరెన్సీలో ఉంటే మారకం కోసం పది శాతం వేరుగా పెట్టండి.

5. డబ్బు ఎక్కడ అడగాలి

*సొంత ప్రభుత్వ బడ్జెట్.* ఏటా అయ్యే ఖర్చును ఇక్కడే కట్టాలి. ఇది పోలీసు పద్దులో కాకుండా న్యాయశాఖ లేదా పాలక మండలి పద్దులో ఉంటే, పరిశీలకుడి డబ్బును పోలీసు విభాగం కోయలేదు.

*పెద్ద దేశం గ్రాంట్లు.* అమెరికా న్యాయశాఖలోని బ్యూరో ఆఫ్ జస్టిస్ అసిస్టెన్స్ 2015 నుంచి బాడీ కెమెరాలకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. 50 మంది లేదా అంతకన్నా తక్కువ పోలీసులున్న చిన్న విభాగాలకు వేరే మైక్రోగ్రాంట్లు వచ్చాయి, కెమెరాకు 2,000 డాలర్ల దాకా. వీటికి సాధారణంగా సొంత వాటా జత చేయాలి. గువామ్, అమెరికన్ సమోవా, వర్జిన్ దీవులు, ఉత్తర మరియానా దీవుల విషయంలో 2,00,000 డాలర్ల లోపు సొంత వాటాను మాఫీ చేయాలని అమెరికా చట్టమే చెబుతోంది. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టకుండా ఊరుకోకండి. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనను మొదటి అక్షరం నుంచి చదవండి.

*అభివృద్ధి సాయం.* పౌర పోలీసు శిక్షణ, ఫిర్యాదుల వ్యవస్థ, న్యాయ సహాయం దాతల అభివృద్ధి సాయం లెక్కలోకి రాగలవు. కెమెరాలు ఒక్కటే అడిగితే ‘పోలీసు సామగ్రి’ అని తిరగ్గొడతారు. ఫిర్యాదుల వ్యవస్థను ముందు పెట్టి, అందులో భాగంగా కెమెరాలు చూపించండి. నిజానికి పథకం అలాగే ఉండాలి కూడా.

*పొరుగు దీవులతో ఉమ్మడి కొనుగోలు.* ఒక్కో దీవి పదేసి కెమెరాలు కొంటే ధర తగ్గదు. నాలుగు దీవులు కలిస్తే బేరానికి బలం వస్తుంది, దీవి బయట ఉంచాల్సిన మూడో ప్రతి కూడా ఒకరిది ఇంకొకరి దగ్గర ఉంచవచ్చు. ఆ ఫైళ్లను తెరిచే తాళం కోడ్ మాత్రం ఎవరిది వారి దగ్గరే.

తీసుకోకూడని డబ్బు కూడా ఉంది. స్థానిక హోటల్ యజమాని లేదా రేవు గుత్తేదారు విరాళమిస్తే, రేపు అతని మీద వచ్చే ఫిర్యాదు వీడియో ఏమైందని ఊరంతా అడుగుతుంది. జరిమానాలు, జప్తుల సొమ్ముతో కెమెరాలు కొన్నా అంతే. కంపెనీలు ఉచితంగా ఇచ్చే కెమెరాల విషయంలోనూ జాగ్రత్త. 2017 ఏప్రిల్‌లో బాడీ కెమెరాలు తయారుచేసే యాక్సన్ సంస్థ అమెరికా పోలీసులందరికీ ఏడాది పాటు కెమెరా, స్టోరేజీ ఉచితమని ప్రకటించింది. అలాంటివి తీసుకునే ముందు 13వ నెల బిల్లు ఎంతో, వెళ్లిపోవాలంటే ఫుటేజీ ఎలా తిరిగొస్తుందో రాతపూర్వకంగా అడగండి.

6. దరఖాస్తు

పది పన్నెండు పేజీలు దాటనివ్వకండి. సమస్య మీ అంకెల్లో ఒక పేజీ, నిబంధనల ముసాయిదా అనుబంధంగా, కొలమానాలు అర పేజీ, ఐదేళ్ల బడ్జెట్, గ్రాంటు అయిపోయాక ఏటా ఖర్చును ఎవరు భరిస్తారో చెప్పే పాలక మండలి తీర్మానం ప్రతి. ఈ తీర్మానమే దాత వెతికే కాగితం. ప్రాసిక్యూటర్ లేఖతో పాటు, ముద్దాయిల తరఫున వాదించే వకీళ్ల లేఖ కూడా జతచేయండి. వీడియో రెండు పక్షాలకూ ఒకే వేగంతో అందుతుందన్న హామీ అందులో ఉండాలి.

7. టెండరు, రవాణా

ఉప్పుగాలి, తేమ అన్నిటికంటే ముందు తినేది చార్జింగ్ పిన్నుల్నే. దుమ్ము నీరు తట్టుకునే ఐపీ67 లేదా అంతకు పైస్థాయి అడగండి, కాంటాక్టులకు బంగారు పూత అడగండి, వారానికోసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం పనిజాబితాలో రాయండి. పడవ గస్తీకి నీళ్లలో పడినా పోకుండా తాడు ఉండే క్లిప్పు కావాలి. మీట నొక్కడానికి ముందు 30 సెకన్లను కూడా భద్రపరిచే సదుపాయం, చీకట్లో మనిషి కన్ను చూసినంతే చూపే లెన్సు: ఈ రెండూ ఉండాలి. ముఖాల గుర్తింపు సదుపాయం వద్దని ఒప్పందంలోనే రాయండి.

ఒప్పందంలో ఈ వాక్యాలు లేకుండా సంతకం పెట్టొద్దు: ఫుటేజీ యజమాని దీవి ప్రభుత్వం; ఒప్పందం ముగిశాక అసలు ఫైళ్లు, హ్యాష్‌లు, లాగ్‌లు అదనపు రుసుం లేకుండా, మామూలు ప్లేయర్‌లో తెరుచుకునే రూపంలో 90 రోజుల్లో ఇవ్వాలి; ఐదేళ్ల ధర ముందే ఖాయం; ఇంటర్నెట్ లేకపోయినా రికార్డింగ్, దించుకోవడం, చూడడం పనిచేయాలి.

విడి లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా అనుమతించడం లేదు. దీవికి వచ్చేవి ఎక్కువగా ప్రయాణికుల విమానాలే. అందుకే స్పేర్ బ్యాటరీలను ఓడలో తెప్పించండి, లేదా అదనపు కెమెరాలోనే బిగించినవిగా ఆర్డరివ్వండి. విడి బ్యాటరీలు గోదాంలో చిక్కుకుని పథకం నెలలు ఆలస్యమయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

8. మొదటి 90 రోజులు

మొదటి నెల ఆరుగురితో మొదలుపెట్టండి, అందులో ఒక పై అధికారి తప్పనిసరిగా ఉండాలి. ప్రతి ఘటనలో మొదటి మాట ‘ఇది రికార్డవుతోంది’ అన్నదే కావాలి. రోజువారీ ఘటనల పుస్తకాన్ని వీడియోల జాబితాతో సరిపోల్చండి. పుస్తకంలో 40 ఘటనలుండి వీడియోలు 26 మాత్రమే ఉంటే, మిగతా 14కు ఒక్కొక్కటిగా కారణం రాయించండి. మొదటి నెలలో శిక్షగా కాక శిక్షణగా, మూడో నెల నుంచి క్రమశిక్షణ చర్యగా.

ఎక్కువగా చెడేవి ఇవి: గడియారం తప్పుగా ఉండటం (సమయం తప్పితే సాక్ష్యం బలహీనపడుతుంది, రోజూ డాక్‌లో సరిచేయాలి), జాకెట్ కింద లెన్సు మూసుకుపోవడం, వర్గం గుర్తించని వీడియో 31వ రోజున తనంతట తనే తొలగిపోవడం. గుర్తించని వీడియోలను వ్యవస్థ తొలగించకుండా ఆపి, పై అధికారికి జాబితా పంపేలా అమర్చండి.

మూడు నెలలకోసారి ఒక పేజీ నివేదికను రేవులో, దుకాణాల దగ్గర, ప్రార్థనా స్థలాల దగ్గర అంటించండి: ఎన్ని ఘటనలు, ఎన్ని వీడియోలు, ఎన్ని అభ్యర్థనలు, ఎన్ని రోజుల్లో జవాబు, నిబంధన తప్పినవి ఎన్ని. బాగాలేని అంకెలూ ఉండాలి. పేర్లు, తేదీలు వద్దు. ఇంత చిన్న చోట తేదీ చెబితే పేరు చెప్పినట్టే.

9. డబ్బు ఆగిపోతే

గ్రాంటు ముగియడానికి 18 నెలల ముందే మూడు ఎంపికలు మండలి ముందు పెట్టండి: పూర్తి కొనసాగింపు, తక్కువ కెమెరాలతో కొనసాగింపు, మూసివేత. కెమెరాల సంఖ్య తగ్గించాల్సి వస్తే తగ్గించండి, పరిశీలకుడిని, రికార్డుల ఉద్యోగిని మాత్రం తీసేయకండి. మూసివేతే దారైతే, ఫలానా తేదీ నుంచి రికార్డింగ్ ఉండదని ముందే ఊరికి ప్రకటించాలి. ఖాళీ కెమెరాను యూనిఫాం మీద వేలాడనివ్వకూడదు. నడుస్తున్న కేసులు, అప్పీళ్లు, ఫిర్యాదులకు చెందిన ఫైళ్లను లాగ్‌లతో సహా కోర్టు రికార్డులకు అప్పగించి రసీదు తీసుకోవాలి, మిగతావి గడువు ప్రకారం తొలగించి ఆ తొలగింపు పత్రం మీద పరిశీలకుడి సంతకం పెట్టించాలి. ఈ పనికి రెండు నెలల జీతం, డిస్కుల ఖర్చు మొదటి ఏడాది బడ్జెట్‌లోనే పక్కన పెట్టి ఉంచండి.